రాగిని మాత్రమే పట్టాల్సిన రెసిన్ నికెల్, జింకులను కూడా పట్టేస్తోంది, సామర్థ్యం కూడా తక్కువే. తప్పు ఎక్కడ?

ప్రశ్న

నమస్కారం అండీ. ఎనిమిది నెలలుగా ఒక రెసిన్ మీద పని చేస్తున్నాను, ఇప్పుడు ముందుకు వెళ్లే దారి కనపడక ఇక్కడ అడుగుతున్నాను. రాగి, నికెల్, జింకు కలిసి ఉన్న నీళ్లలోంచి రాగిని మాత్రమే లాగే పాలిమర్ పూసలు తయారు చేయాలి, అదీ పని.

చేసింది ఇది. వినైల్‌బెంజైల్ క్లోరైడ్, డైవినైల్‌బెంజీన్ 60:40 బరువు నిష్పత్తిలో తీసుకుని, టొలీన్‌ను పోరోజెన్‌గా (పూసలో రంధ్రాలు ఏర్పరచే ద్రవంగా) పెట్టి, సస్పెన్షన్ పద్ధతిలో పూసలు చేశాను. అర మిల్లీమీటరు అటూ ఇటూ సైజులో తెల్లగా, గుండ్రంగా బాగానే వచ్చాయి. నైట్రోజన్ పద్ధతిలో కొలిస్తే ఉపరితల వైశాల్యం గ్రాముకు 540 చదరపు మీటర్లు. ఆ తర్వాత క్లోరోమిథైల్ గ్రూపుల మీద ఇమినోడైఎసిటిక్ ఆమ్లం (ఇక నుంచి ఐడీఏ అంటాను) డైఇథైల్ ఎస్టర్‌ను ఎక్కించి, ఆ ఎస్టర్‌ను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో విడగొట్టి, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, చివరికి నీళ్లతో కడిగి, వాక్యూమ్ ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాను. మూలకాల విశ్లేషణలో నైట్రోజన్ 2.7 శాతం వచ్చింది, లెక్క కడితే గ్రాముకు 1.93 మిల్లీమోల్ ఐడీఏ ఉన్నట్టు.

మొదటి సమస్య సామర్థ్యం. 100 మిల్లీగ్రాముల పొడి పూసలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల రాగి ఉన్న ద్రావణం 50 మిల్లీలీటర్లు, మొదట్లో పీహెచ్ 5, రెండు గంటలు షేకర్ మీద. పట్టుకున్నది గ్రాముకు 0.4 మిల్లీమోల్ మాత్రమే. ఉండాల్సిన దాంట్లో ఐదో వంతు. చివర్లో పీహెచ్ చూస్తే 2.8 ఉంది.

రెండోది నన్ను ఎక్కువ బాధపెడుతున్నది. మూడు లోహాలూ లీటరుకు పది పది మిల్లీగ్రాములు కలిపి, అదే 100 మిల్లీగ్రాముల పూసలు, అదే 50 మిల్లీలీటర్లతో చేస్తే రాగి 96 శాతం, నికెల్ 90, జింకు 88 శాతం పోయాయి. ఇది ఎంపిక ఎలా అవుతుంది? అన్నీ పట్టేస్తోంది కదా. లిగాండే (లోహాన్ని పట్టే గ్రూపు, ఇక్కడ ఐడీఏ) తప్పు ఎంచుకున్నానా? మా గైడ్ ఉపరితల వైశాల్యం పెంచమంటున్నారు, ఇంకా గట్టిగా క్రాస్‌లింక్ చేసి (గొలుసులను ఒకదానికొకటి ముడివేసి) వెయ్యి దాటించమంటున్నారు. అది చేయడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది, అందుకే మొదలుపెట్టే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. నిజం చెప్పాలంటే చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

ముందు మీ రెండో సమస్య గురించి చెబుతాను, ఎందుకంటే అది రెసిన్ సమస్య కాదు, ప్రయోగం పెట్టిన తీరులో ఉంది, ఒక కాగితం మీద తేలిపోతుంది.

50 మిల్లీలీటర్లలో లీటరుకు 10 మిల్లీగ్రాములు అంటే ఒక్కో లోహం అర మిల్లీగ్రాము. మోల్స్‌లో చూస్తే రాగి 0.0079 మిల్లీమోల్, నికెల్ 0.0085, జింకు 0.0076. మూడూ కలిపి 0.024. మీ దగ్గరున్న పూసల్లో నైట్రోజన్ లెక్క ప్రకారం 0.193 మిల్లీమోల్ చోటుంది. సరే అంత లేదనుకుందాం, మీకు నిజంగా వచ్చిన 0.4 లెక్కే తీసుకున్నా 0.04 మిల్లీమోల్ ఉంది. అంటే మొత్తం లోహాలకు కావలసిన దానికంటే ఎక్కువ చోటు పెట్టి, వీటిలో ఎవరు ముందు కూర్చుంటారో చూద్దామన్నారు. నూరు మందికి రెండు వందల కుర్చీలు వేస్తే అందరూ కూర్చుంటారు, ఎవరికి కుర్చీ మీద ఎక్కువ పట్టుదల ఉందో ఎలా తెలుస్తుంది? ఎంపిక బయటపడాలంటే కుర్చీలు చాలకపోవాలి.

ఐడీఏ ఈ పనికి తప్పు లిగాండ్ కాదు. ద్రావణంలో విడిగా ఉన్న ఐడీఏకి రాగితో స్థిరత్వ స్థిరాంకం (ఎంత బిగువుగా పట్టుకుంటుందో చెప్పే సంఖ్య) లాగ్ విలువ సుమారు 10.6, నికెల్‌తో 8 కొంచెం పైన, జింకుతో 7 చిల్లర, కాల్షియంతో 3 దగ్గర్లో. లాగ్‌లో రెండు తేడా అంటే వంద రెట్లు అని గుర్తు పెట్టుకోండి. ఇర్వింగ్, విలియమ్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1940ల చివర్లో, 1950ల మొదట్లో చెప్పిన క్రమం ఇదే: మాంగనీస్ నుంచి ఇనుము, కోబాల్ట్, నికెల్ మీదుగా రాగి దాకా బిగువు పెరుగుతూ పోయి జింకు దగ్గర మళ్లీ పడిపోతుంది. నైట్రోజన్, ఆక్సిజన్ దాతలున్న లిగాండ్లు దాదాపు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. కాబట్టి కెమిస్ట్రీ మీ వైపే ఉంది.

ఇంకో మాట. 96 శాతం, 90 శాతం దగ్గర శాతాలు చూసి పోల్చడం మోసం చేస్తుంది. పంపక గుణకం (కేడీ అంటాం కదా, పూసల్లోకి పోయినదానికీ ద్రావణంలో మిగిలినదానికీ నిష్పత్తి) కట్టండి: రాగికి 96 బై 4 అంటే 24, దాన్ని మీ 500 మిల్లీలీటర్లు పర్ గ్రాముతో గుణిస్తే 12,000. నికెల్‌కు 90 బై 10, అంటే 9, గుణిస్తే 4,500. నిష్పత్తి 2.7 వచ్చింది. ఇప్పుడు రాగి కొలతలో చిన్న పొరపాటు జరిగి అసలు విలువ 98 శాతం అనుకోండి, కేడీ ఒక్కసారిగా 24,500 అయిపోతుంది, నిష్పత్తి రెట్టింపు. మిగిలిపోయిన ఆ కొద్ది రాగిని ఎంత సరిగ్గా కొలిచారన్న దాని మీదే మొత్తం వాదన నిలబడుతోంది. అంత పలచటి నేల మీద నిర్ణయాలు తీసుకోకండి.

ఇలా చేయండి. 50 మిల్లీగ్రాముల పూసలు చాలు. ఒక్కో లోహం 2 మిల్లీమోలార్ చొప్పున 50 మిల్లీలీటర్లు, అంటే ఒక్కోటీ 0.1 మిల్లీమోల్. రాగి ఒక్కటే మొత్తం చోటు నింపడానికి సరిపోవాలి, నికెల్, జింకు కూడా అంతే ఉండాలి. మిల్లీగ్రాముల్లో సమానంగా కాకుండా మోల్స్‌లో సమానంగా తీసుకోండి. ద్రావణంలో తగ్గినదాన్ని చూడటం కాకుండా, పూసలను కడిగి, ఆమ్లంతో లోహాన్ని దింపి, దిగినదాన్ని కొలవండి. నికెల్ 0.1లో 0.003 పోయిందా 0.005 పోయిందా అనేది తీసివేత లెక్కలో అసలు కనిపించదు.

జవాబు 2

పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను మొదటి సమస్య గురించి, అంటే ఆ 0.4 గురించి రాస్తాను, నేను చాలా ఏళ్లుగా ఇలాంటి పూసలు చేస్తున్నాను.

మీ పీహెచ్ సంఖ్య చూసి నాకు సంతోషం వేసింది. 2.8 అంటే లీటరుకు 1.6 మిల్లీమోల్ ప్రోటాన్లు, 50 మిల్లీలీటర్లలో 0.08 మిల్లీమోల్. మీరు పట్టిన రాగి 0.04. సరిగ్గా ఒక్కో రాగికి రెండు ప్రోటాన్లు. అంటే రాగి ఏదో పైపైన అంటుకోలేదు, నిజంగా ఐడీఏతోనే కీలేట్ (ఒకే లోహాన్ని చాలా చేతులతో పట్టే బంధం) కట్టింది, మీ పూసలు ఆమ్లరూపంలో ఉన్నాయి కాబట్టి ప్రోటాన్లు వదిలాయి. కాకపోతే ఈ పీహెచ్ పడిపోవడమే మొత్తం కారణం అనుకోకండి. ఐడీఏ రెసిన్లు పీహెచ్ రెండున్నర దగ్గర కూడా రాగిని బాగానే పట్టుకుంటాయి. ఐదో వంతుకు పడిపోయిందంటే చాలా చోట్లకు రాగి అసలు చేరనే లేదు, లేదా చేరినా అక్కడ పట్టేది లేదు.

చేరకపోవడానికి మొదటి అనుమానం ఆరబెట్టడం. స్టైరీన్, డైవినైల్‌బెంజీన్ వెన్నెముక నీళ్లంటే గిట్టనిది. 80 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఎండబెట్టాక ఆ సన్న రంధ్రాల్లో గాలి ఉంటుంది, నీళ్లలో వేసి రెండు గంటలు ఊపితే పూస పైపొర తడుస్తుంది, నడుమ పొడిగానే ఉంటుంది. ఒక పూసను రాగి ద్రావణంలోంచి తీసి, బ్లేడుతో సగానికి కోసి సూక్ష్మదర్శిని కింద చూడండి. చుట్టూ నీలం రింగు, లోపల తెలుపు కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. మందు ఏమిటంటే మిథనాల్‌లో రాత్రంతా నానబెట్టి, తర్వాత మిథనాల్‌ను కొద్దికొద్దిగా నీళ్లతో మార్చాలి. ఆ తర్వాత మళ్లీ ఎండనివ్వకండి. తడి పూసలనే తూచి వాడండి, అదే బ్యాచ్‌లోంచి కొంచెం విడిగా ఎండబెట్టి తేమ ఎంతో కట్టి లెక్కలోకి తెచ్చుకోండి. దాంతో పాటు రెండు గంటలు చాలవు, కీలేటింగ్ రెసిన్లు నిదానంగా పనిచేస్తాయి, అర మిల్లీమీటరు పూసలో నడిమధ్య దాకా అయాన్ నడిచి వెళ్లాలి. 24 గంటలు పెట్టండి.

పట్టేది లేకపోవడానికి రెండో అనుమానం ఎస్టర్. నైట్రోజన్ విశ్లేషణ నైట్రోజన్‌నే లెక్కపెడుతుంది, దాని పక్కనున్నది ఆమ్లమా ఎస్టరా అని చెప్పదు. సోడియం హైడ్రాక్సైడ్ నీటి ద్రావణం నీళ్లంటే గిట్టని పూసల లోపలికి ఎలా వెళుతుంది? రాగికి వచ్చిన కష్టమే దానికీ వస్తుంది. లోపల ఎస్టర్ అలాగే మిగిలి ఉంటుంది. ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతి వర్ణపటం) తీయండి, కానీ ఇక్కడ చాలా మంది పడే గుంట ఒకటుంది: ఆమ్లరూపంలో ఉన్న పూసలకు కార్బాక్సిలిక్ ఆమ్లం శిఖరం కూడా 1720, 1735 మధ్యలోనే వస్తుంది, ఎస్టర్‌తో కలిసిపోతుంది. ముందు పూసలను సోడియం రూపంలోకి మార్చి కడిగి అప్పుడు తీయండి. కార్బాక్సిలేట్ 1600 దగ్గరికి జరిగిపోతుంది, 1735 దగ్గర ఇంకా ఏదైనా నిలబడితే అది ఎస్టరే. ఉంటే మిథనాల్, నీళ్లు కలిపిన సోడియం హైడ్రాక్సైడ్‌లో మళ్లీ వేడి చేయండి.

ఇక ఉపరితల వైశాల్యం. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, దయచేసి ఆ మూడు నెలలు దాని మీద పెట్టకండి. మీరు చెప్పిన 540 ఐడీఏ ఎక్కించక ముందుదా, తర్వాతదా? ముందుదే అయి ఉంటుందని నా ఊహ. ఎక్కించాక కొలిస్తే పడిపోతుంది, ఎందుకంటే సన్న రంధ్రాల గోడల మీదే ఐడీఏ కూర్చుని అవి మూసుకుపోతాయి. అంతకన్నా పెద్ద విషయం, నైట్రోజన్ కొలత పొడి పూసల్లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర జరుగుతుంది. మీ పని నీళ్లలో. జెల్ రకం రెసిన్లను చూడండి, పొడిగా ఉన్నప్పుడు వాటి ఉపరితల వైశాల్యం దాదాపు శూన్యం, అయినా నీళ్లలో ఉబ్బి లోహాన్ని చక్కగా పడతాయి, ఎందుకంటే ఉబ్బిన గొలుసుల మధ్య నుంచే అయాన్లు తిరుగుతాయి. 2009లో ప్రకటించిన పీఏఎఫ్-1 అనే రంధ్రాల పాలిమర్ లాంటి పదార్థాలకు గ్రాముకు 5,600 చదరపు మీటర్ల దాకా వచ్చింది, అది పాలిమర్ కెమిస్ట్రీలో గొప్ప విషయమే, దానికి థయోల్ (సల్ఫర్ ఉన్న) గ్రూపులు తగిలించి పాదరసం పట్టించినవాళ్లూ ఉన్నారు. కానీ అక్కడ కూడా పాదరసాన్ని ఎంచుకున్నది సల్ఫర్, వైశాల్యం దానికి దారి ఇచ్చింది, అంతే. మీరు గట్టిగా క్రాస్‌లింక్ చేస్తే జరిగేది ఇంకోటి ఉంది: అలాంటి పద్ధతుల్లో క్రాస్‌లింక్ కట్టడానికి ఖర్చయ్యేది ఆ క్లోరోమిథైల్ గ్రూపులే. వైశాల్యం కోసం వాటిని వాడేస్తే ఐడీఏ దేని మీద ఎక్కుతుంది?

నాకు అడిగే హక్కుంటే డైవినైల్‌బెంజీన్ 40 నుంచి తగ్గించమంటాను, పోరోజెన్‌లో టొలీన్‌తో పాటు హెప్టేన్ కలపమంటాను. టొలీన్ పాలిమర్‌కు మంచి ద్రావణి కాబట్టి పాలిమర్ ఆలస్యంగా విడిపోయి సన్న రంధ్రాలు ఇస్తుంది, హెప్టేన్ చెడ్డ ద్రావణి కాబట్టి తొందరగా విడగొట్టి వెడల్పాటి రంధ్రాలు ఇస్తుంది. వైశాల్యం తగ్గుతుంది, దారులు వెడల్పవుతాయి. మీ గైడ్‌కు ఈ మాట చెప్పడం కష్టమే అని తెలుసు, అందుకే కోసిన పూస ఫోటో ముందు చూపించండి. (మీరు కొన్న డైవినైల్‌బెంజీన్ 55 శాతందా, 80 శాతందా సీసా మీద చూసుకోండి, మిగతాది ఇథైల్‌వినైల్‌బెంజీన్, అది క్రాస్‌లింక్ చేయదు, నిజమైన నిష్పత్తి దాన్ని బట్టి మారుతుంది.)

మీరు వినైల్‌బెంజైల్ క్లోరైడ్‌తో మొదలుపెట్టడం మాత్రం చాలా మంచి పని. పాత పద్ధతిలో స్టైరీన్ పూసలు చేసి తర్వాత క్లోరోమిథైల్ మిథైల్ ఈథర్‌తో క్లోరోమిథైల్ గ్రూపులు పెట్టేవారు. అందులో కల్తీగా ఉండే బిస్(క్లోరోమిథైల్) ఈథర్ క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. ఎవరైనా ఆ దారి సులువని చెబితే వినకండి.

అడిగినవారు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. కుర్చీల లెక్క చదివి ఇంతకాలం ఇది ఎందుకు తట్టలేదా అని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 540 ఐడీఏ ఎక్కించక ముందుదే, మీ ఊహ నిజం. ఎక్కించాక కొలిస్తే 180 వచ్చింది, అది చూసి భయపడి ఎవరికీ చెప్పలేదు.

పూసను కోసి చూశాను. నీలం రింగు, లోపల తెలుపు. స్పష్టంగా ఉంది.

ఇప్పుడు మిథనాల్‌లో నానబెట్టాను. రెండు ప్రశ్నలు. పీహెచ్ పడిపోకుండా ఉండటానికి పూసలను సోడియం రూపంలో వాడొచ్చా, లేక బఫర్ వేయాలా? రెండోది, అసలు నేను చివరికి పని చేయాల్సిన ద్రావణంలో కొంచెం ఫెర్రిక్ ఇనుము కూడా ఉంటుంది, ఇప్పటిదాకా దాన్ని పక్కన పెట్టాను. అది వస్తే ఏమవుతుంది?

జవాబు 3

నేను కాలమ్‌ల (పూసలు నింపిన గొట్టాల) వైపు పనిచేసేవాణ్ని, ల్యాబ్ ఫ్లాస్కుల కంటే కాలమ్‌లే ఎక్కువ చూశాను, ఆ కోణంలో చెబుతాను.

సోడియం రూపం వాడొచ్చు, జాగ్రత్తగా. పూర్తిగా సోడియం రూపంలో ఉన్న పూస లోపల పీహెచ్ బయటి ద్రావణం కంటే బాగా ఎక్కువ ఉంటుంది, లోహం లోపలికి రాగానే కొంత హైడ్రాక్సైడ్‌గా రంధ్రాల్లోనే అవక్షేపం అయిపోతుంది. కొలతలో అదీ సామర్థ్యంలా కనిపిస్తుంది. ఎప్పుడైనా గ్రాముకు 1.93 దాటి వచ్చిందంటే సంబరపడకండి, అది అవక్షేపమో కాదో చూడండి. పీహెచ్ 5 కూడా అంచు మీదే ఉంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల రాగి దగ్గర హైడ్రాక్సైడ్ పడటం పీహెచ్ ఐదున్నర చుట్టుపక్కల మొదలవుతుంది. 4.5 దగ్గర ఉంచుకోండి, పూసలు లేకుండా అదే ద్రావణాన్ని అదే పీహెచ్‌లో 24 గంటలు ఊపి, వడకట్టి, రాగి తగ్గిందో లేదో చూసే ఖాళీ ప్రయోగం తప్పనిసరిగా పెట్టండి. పీహెచ్ నిలపడానికి పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలు చుక్కలుగా వేయడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. ఎసిటేట్ బఫర్ పరవాలేదు, రాగితో కొంచెం కలుస్తుంది, ఐడీఏ ముందు అది నిలవదు. సిట్రేట్, అమ్మోనియా మాత్రం వద్దు, అవి రాగిని ద్రావణంలోనే పట్టి ఉంచుతాయి.

ఇనుము గురించి అడిగారు, మంచి ప్రశ్న, ఎందుకంటే నిజమైన ద్రావణాల్లో పథకాలన్నీ తలకిందులయ్యేది అక్కడే. ఫెర్రిక్ ఇనుము ఐడీఏని చాలా గట్టిగా పట్టుకుంటుంది, మామూలు పలచటి ఆమ్లంతో సరిగా దిగదు, సైకిల్ తర్వాత సైకిల్ కొంచెం కొంచెం పేరుకుని చోటు తినేస్తుంది. పైగా పీహెచ్ 3 దాటుతుంటే అది తనంతట తానే తుప్పు రంగు బురదగా పడి రంధ్రాల నోళ్లు మూస్తుంది. రెసిన్ దగ్గరికి రాకముందే తీసేయండి. పీహెచ్ మూడున్నరకు పెంచి, గాలి పట్టించి, పడిన ఇనుమును వడకట్టండి, ఆ బురదలో రాగి ఎంత పోయిందో కూడా కొలవండి. ఇనుమును ఫెర్రస్‌గా తగ్గించి (క్షయకరణం చేసి) దాటించే పద్ధతి కూడా ఉంది, ఫెర్రస్‌ను ఐడీఏ అంత పట్టించుకోదు. కానీ రాగి ఉన్న చోట ఆ తగ్గించే మందు రాగిని కూడా తగ్గించే ప్రమాదం ఉంది కాబట్టి మీకు సిఫారసు చేయను.

ఎంపిక గురించి పైన చెప్పినదానికి నేను చూసిన ఒక ఉదాహరణ కలుపుతాను. క్లోర్-ఆల్కలీ (ఉప్పునీటి నుంచి క్లోరిన్, కాస్టిక్ సోడా తీసే) కర్మాగారాల్లో పొర ఉన్న సెల్స్‌లోకి పంపే ఉప్పునీటిలో కాల్షియం, మెగ్నీషియం కలిపి బిలియన్‌కు 20 భాగాల కంటే తక్కువ ఉండాలి, లేకపోతే ఆ ఖరీదైన పొర పాడవుతుంది. ఆ ఉప్పునీటిలో లీటరుకు 300 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అందులోంచి ఆ కాస్త కాల్షియాన్ని ఏరి తీసే రెసిన్ ఏమిటో తెలుసా? అమైనోమిథైల్‌ఫాస్ఫోనిక్ రకం, లేదా మీరు చేస్తున్న ఐడీఏ రకమే. రాగి, నికెల్ పక్కన కాల్షియాన్ని పట్టించుకోని లిగాండ్, పక్కన సోడియం మాత్రమే ఉన్నప్పుడు కాల్షియాన్ని వదలదు. కాబట్టి "ఈ రెసిన్ ఫలానా లోహాన్ని ఎంచుకుంటుంది" అన్న వాక్యం సగం వాక్యం మాత్రమే, దేని పక్కన, ఏ పీహెచ్‌లో అన్న మిగతా సగం రాయకపోతే చదివేవాడికి ఉపయోగం లేదు. సముద్రపు నీటి నుంచి యురేనియం తీయాలని అమిడాక్సిమ్ రెసిన్లు, దారాలు చేసినవాళ్లు ఇది బాగా అనుభవించారు. సముద్రంలో యురేనియం లీటరుకు 3.3 మైక్రోగ్రాములు, ఉన్నదీ కార్బొనేట్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది, పక్కన వెనేడియం. ఉత్త యురేనియం ద్రావణంలో గొప్పగా కనిపించిన పదార్థం సముద్రంలోకి వెళ్లాక చాలా చోటు వెనేడియానికి ఇచ్చేస్తుంది, దాన్ని దింపడం కూడా కష్టం.

మీరు ఫ్లాస్కు దాటి ఒక చిన్న కాలమ్ పెట్టండి, వేలెడు గొట్టం చాలు. గంటకు ఐదు నుంచి పది పడక పరిమాణాల (గొట్టంలో పూసలు ఆక్రమించే చోటుకు అన్ని రెట్ల ద్రావణం) వేగం దాటించకండి. మూడు లోహాలూ పంపుతూ బయటికి వచ్చేదాన్ని చిన్న చిన్న భాగాలుగా పట్టి కొలవండి. మొదట ఏదీ రాదు, అన్నీ పడతాయి, మీ ఫ్లాస్కులో జరిగింది అదే. తర్వాత జింకు, నికెల్ రావడం మొదలవుతాయి. ఆ తర్వాత చూడండి, బయటికి వచ్చే నికెల్ గాఢత లోపలికి పంపిన దానికంటే ఎక్కువైపోతుంది. కొలత తప్పు అనుకుని నమూనాలు పారేయకండి. వెనక నుంచి వచ్చే రాగి ముందు కూర్చున్న నికెల్‌ను లేపి తను కూర్చుంటోంది, లేచిన నికెల్ కొత్తగా వచ్చే నికెల్‌తో కలిసి బయటికి వస్తోంది. ఆ గుబ్బను మొదటిసారి గ్రాఫ్ మీద చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఈ విద్యలో అంతకన్నా అందమైన గీత నేను చూడలేదు.

దింపేటప్పుడు ఒకేసారి గట్టి ఆమ్లం పోయకండి. ముందు పీహెచ్ 2 దగ్గరున్న పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే మిగిలిన జింకు, నికెల్ దిగిపోతాయి, రాగి చాలావరకు ఉండిపోతుంది. తర్వాత 1 లేదా 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు మూడు పడక పరిమాణాలు పంపితే రాగి చిక్కగా నీలంగా దిగుతుంది. ఒక్క జాగ్రత్త, సోడియం రూపంలో పూసలు బాగా ఉబ్బుతాయి, ఆమ్లరూపంలో కుంచించుకుంటాయి, కాలమ్‌లో పైన ఖాళీ వదలకపోతే గొట్టం బిగుసుకుంటుంది, పూసలు పగులుతాయి. ఐదారు సైకిళ్ల తర్వాత పూసలను సూక్ష్మదర్శిని కింద చూసి ఎన్ని పగిలాయో లెక్కపెట్టండి, సామర్థ్యం ఎంత మిగిలిందో ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

జవాబు 2

కాలమ్ వారి మాటకు ఒక్కటి జత చేస్తాను. మీరు థీసిస్ రాసేటప్పుడు సూడో సెకండ్ ఆర్డర్ (పట్టే వేగానికి వాడే ఒక సమీకరణం) గీత బాగా సరిపోయింది కాబట్టి ఇది రసాయన బంధం అని రాయకండి. ఆ సమీకరణం వ్యాపనం నెమ్మదిగా జరిగే చోట కూడా చక్కగా సరిపోతుంది, అది యంత్రాంగాన్ని నిరూపించదు. మీ దగ్గర అంతకంటే బలమైన రుజువు ముందే ఉంది, ఒక్కో రాగికి రెండు ప్రోటాన్లు. అది రాయండి.

అడిగినవారు

మూడు వారాలయింది, వచ్చిన ఫలితాలు చెప్పకపోతే తప్పు.

మిథనాల్‌లో తడిపి, ఎండనివ్వకుండా, పీహెచ్ 4.5 దగ్గర పట్టి ఉంచి, 24 గంటలు పెడితే సామర్థ్యం 0.4 నుంచి గ్రాముకు 1.1 మిల్లీమోల్‌కు వచ్చింది. ఖాళీ ప్రయోగంలో రాగి తగ్గలేదు. సోడియం రూపంలో ఎఫ్‌టీఐఆర్ తీస్తే 1735 దగ్గర శిఖరం అలాగే నిలబడి ఉంది, చిన్నదేమీ కాదు. మిథనాల్, నీళ్లు కలిపిన క్షారంలో మళ్లీ విడగొట్టడానికి ఒక బ్యాచ్ పెట్టాను, అది ఇంకా కడుగుతున్నాను.

ఎంపిక ప్రయోగం 1.1 ఉన్న బ్యాచ్‌తోనే చేశాను, చెప్పినట్టే 50 మిల్లీగ్రాములు, ఒక్కో లోహం 0.1 మిల్లీమోల్, దింపి కొలిచాను. పూసల మీద రాగి 0.049 మిల్లీమోల్, నికెల్ 0.004, జింకు 0.002. మొత్తం 0.055, సామర్థ్యానికి సరిగ్గా సరిపోయింది. రాగి, నికెల్ మధ్య వేర్పాటు గుణకం (రెండు కేడీల నిష్పత్తి) కడితే 23. అదే పూసలు, అదే లిగాండ్! 2.7 చూసి నేను దాదాపు ఈ లిగాండ్‌నే వదిలేయబోయాను. కోసిన పూస ఫోటో, ఈ సంఖ్యలు పక్కపక్కన పెట్టి మా గైడ్‌కు చూపించాను, చాలాసేపు చూసి, వైశాల్యం సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదామన్నారు.

ఇంకొక్క ప్రశ్న అడిగి ఆపేస్తాను. విడి ఐడీఏ లెక్కలో రెండు వందల పైన రావాలి కదా, 23 ఎందుకు ఆగింది? ఇంకో సంగతి, పీహెచ్ 4.5కి పెంచకుండా, పీహెచ్ 1.5 దగ్గరే ఉన్న ద్రావణంలోంచి నేరుగా రాగి తీయాల్సి వస్తే ఐడీఏ పనికొస్తుందా?

జవాబు 1

1.1 వచ్చిందని చదివి ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

23 గురించి. పూసలో ఐడీఏ స్వేచ్ఛగా తిరగదు, గొలుసుకు కట్టేసి ఉంటుంది, పక్కపక్కనే చాలా ఉంటాయి, ఒకటి పట్టిన లోహం పక్కవాటి మీద ప్రభావం చూపిస్తుంది. ద్రావణంలో కొలిచిన స్థిరాంకాలు క్రమాన్ని చెబుతాయి, పూసలో వచ్చే సంఖ్యను చెప్పవు. మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఒక పక్క ఎస్టర్ పోయి ఇంకో పక్క ఎస్టర్ మిగిలిపోయిన సగం ఐడీఏలు ఉంటే అవి మూడు చేతుల బదులు రెండు చేతులతోనే పడతాయి, వాటి ఎంపిక బలహీనంగా ఉంటుంది. కడుగుతున్న ఆ కొత్త బ్యాచ్‌తో ఇదే ప్రయోగం చేస్తే తెలుస్తుంది.

పీహెచ్ 1.5 దగ్గర ఐడీఏ దాదాపు చేతులు ఎత్తేస్తుంది, అక్కడ ప్రోటాన్లు రాగి కంటే బలంగా పోటీ పడతాయి. దానికి బిస్-పికోలిలమైన్ రెసిన్లు ఉన్నాయి, వాణిజ్యంగా డోవెక్స్ ఎం4195 అన్న పేరుతో ఒకప్పుడు దొరికినది ఆ రకమే. పిరిడీన్ నైట్రోజన్లు ప్రోటాన్లను అంత ఆశగా పట్టుకోవు కాబట్టి పీహెచ్ 2 కింద కూడా రాగిని పడుతుంది, నికెల్‌ను కూడా కొంతవరకు, కోబాల్ట్ ద్రావణాల్లోంచి నికెల్ తీసేయడానికి దాన్నే వాడతారు. కానీ అంత గట్టిగా పట్టేది వదలడానికీ మొండికేస్తుంది. నికెల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో దిగుతుంది, రాగి దిగదు, దానికి అమ్మోనియా ద్రావణం కావాలి. అప్పుడు మీ చేతిలోకి వచ్చేది రాగి అమ్మోనియా సంక్లిష్టం, దాంతో తర్వాత ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి. మీ ద్రావణాన్ని పీహెచ్ 4.5కి తేవడానికి ఎంత క్షారం పడుతుందో ముందు టైట్రేట్ చేసి చూడండి. ఇనుము తీయడానికి ఎలాగూ మూడున్నర దాకా పెంచుతున్నారు కదా, అక్కడి నుంచి మిగిలింది ఎక్కువ ఉండకపోవచ్చు. ఆ సంఖ్య వచ్చాక ఇక్కడే రాయండి, అప్పుడు ఐడీఏతో ఉండాలా మారాలా చూద్దాం.

అడిగినవారు

రేపే టైట్రేట్ చేస్తాను. కాలమ్ గొట్టం కూడా సిద్ధం చేశాను, పైన మూడో వంతు ఖాళీ వదిలాను. నికెల్ గుబ్బ కనిపిస్తే గ్రాఫ్ ఇక్కడ పెడతాను.